పాయిరో రాని క్రిస్టీ పుస్తకం చదివిన: సిరీస్ రాసే రచయితల విడి నవలలు ఇంకేమున్నయి?

కాజీపేట గార్డు:

నమస్తే అందరికి. నేను కాజీపేటల గూడ్స్ గార్డును. మా పోస్టు పేరు ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అని మార్చిండ్రు గాని ఇంట్ల, బయట అందరు గార్డనే పిలుస్తరు. డ్యూటీల పుస్తకం ముట్టను. చదువుడంతా రన్నింగ్ రూంలనే. బల్లార్షా పోతే అక్కడ రెస్టు, డోర్నకల్ పోతే అక్కడ రెస్టు. తిని, కాళ్ళు చాపి, నిద్ర పట్టేదాక ఒక క్రైమ్ నవల. 22 ఏండ్ల సర్వీసుల ఇదే అలవాటు.

ఈ దారి పట్టిచ్చింది మా నాయిన. అద్దె లైబ్రరీకెంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చేటోడు. పొద్దున తెస్తే తెల్లారి వాపస్ ఇయ్యాలె, లేకుంటే ఇంకో రోజు అద్దె పడ్తది. ఆయన చదివినంక రాత్రి మా అక్క, నేను ఒక్క పుస్తకం మీదనే పడేటోళ్ళం. అక్క చదువుడు జల్ది, నాది నిదానం. ఆమె తిప్పకుండ పేజీ మూల వేలుతోటి నొక్కి పట్టుకునేటోన్ని. కథల ఎంత మంది సచ్చినా సరే, యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు లోపలికొచ్చిండ్రంటే ఇగ మాకు భయం పోయేది.

డిగ్రీల ఉన్నప్పుడు ఇంగ్లీషుల అగాథా క్రిస్టీని పట్టుకున్న. పక్కన డిక్షనరీ పెట్టుకోని చదివిన. ఆమె డిటెక్టివ్ మిస్ మార్పుల్ నవలలు 12, అన్నీ అయినయి. ఆమెదే ఇంకో డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరోవి 33 ఉంటే రెండు మిగిలినయి. అవి ఏవో పేర్లు యాదికి లేవు.

పోయిన నెల బల్లార్షా రన్నింగ్ రూంల పాత పేపర్ల కింద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు. ముందటి పేజీలు నాలుగైదు పోయినయి. ఎడమ పేజీ పైన అగాథా క్రిస్టీ అని, కుడి పేజీ పైన 'ఎండ్‌లెస్ నైట్' అని ఉన్నది. నేను చదవంది. మిగిలిన రెండిట్ల ఇదొకటి అనుకోని మొదలుపెట్టిన.

ఒక పిల్లగాడు తన కథ తనే చెప్తుంటడు. పేరు మైఖేల్. ఏ పనిల కుదురు లేదు, డ్రైవర్ పని కొన్ని దినాలు, ఇంకోటి కొన్ని దినాలు. ఒక జాగ చూసి మనసు పడ్తడు, అక్కడ ఇల్లు కట్టుకోవాలని. ఆ జాగకు శాపం ఉన్నదని ఊరోళ్ళ మాట. అక్కడనే ఎల్లీ అనే పిల్లను కలుస్తడు. బాగ డబ్బున్న పిల్ల. ఒక ముసలామె ఇద్దరిని చూసి, ఇక్కడ ఉండకండ్రి, పొండ్రి అంటది.

నేను పాయిరో కోసం చూస్తున్న. 50 పేజీలు అయినయి. ఎవడో సచ్చినంక వస్తడు లే అనుకున్న. 100 పేజీలు అయినయి. ఎవ్వరు సచ్చింది లేదు, ఆయన వచ్చింది లేదు. ఎవరన్న ఉత్తరం రాసి పిలుస్తరేమో అని చూసిన. లాయరు ఒకాయన వస్తే ఈయననే పాయిరోకు చెప్పేది కావచ్చు అనుకున్న. చివరి 40 పేజీలున్నయనంగ డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టిండు. కేర్‌టేకర్‌ను అడిగితే తీస్కపొమ్మన్నడు. పుస్తకం సంచిల అడుగుకు పెట్టి, జిప్పు వేసి డ్యూటీ ఎక్కిన. సిర్పూర్ కాగజ్‌నగర్ దాటింది, బెల్లంపల్లి దాటింది, మంచిర్యాల దాటి గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చినంక గూడ పాయిరో ఇంకెప్పుడొస్తడు అన్న మాటనే తలకాయల. ఇంటికొచ్చి బూట్లు ఇప్పకుండనే కుర్చీల కూసోని ఆ 40 పేజీలు అయిపోగొట్టిన. ఆఖరుకు ఏమైతదో చెప్పను, చదవనోళ్ళకు అన్యాయం చేసినట్టయితది. పాయిరో మాత్రం రాలే.

మా పనిల ఒక లెక్క ఉన్నది. బండి దాటేటప్పుడు స్టేషన్ మాస్టరు ఇంజన్ చూసి ఊకోడు. ఆఖరు డబ్బా మీద ఎల్‌వీ (లాస్ట్ వెహికిల్) బోర్డు, రాత్రయితే వెనుక ఎర్ర లైటు చూసినంకనే బండి పూర్తిగ వచ్చింది, నడుమల తెగలేదు అని ఖాయం చేసుకుంటడు. పాయిరో ఉన్న పుస్తకంల ఆ ఎర్ర లైటు వస్తదని మొదటి పేజీలనే తెలుసు. నడుమల ఎన్ని డబ్బాలు పోయినా మనకు ధైర్యం. ఈ పుస్తకంల డబ్బాలు ఒకదాని వెనుక ఒకటి పోతనే ఉన్నయి, ఆఖరు లైటు ఉన్నదో లేదో తెల్వదు. ఇన్నేండ్ల నుంచి నేను చదివింది క్రిస్టీని కాదు, పాయిరోనే అని అప్పుడు సమజైంది.

తర్వాత చూస్తే ఇది 1967ల వచ్చిందట. అప్పటికి ఆమెకు 77 ఏండ్లు. అంత వయసుల ఒక కుదురు లేని పిల్లగాని గొంతు పట్టుకోని పుస్తకమంతా రాసింది.

నాకు ఇసుంటివి ఇంకా కావాలె. పేరున్న డిటెక్టివ్‌ను పెట్టి ఏండ్లకేండ్లు రాసి, నడుమల ఆయనను పక్కన పెట్టి రాసిన విడి క్రైమ్ నవలలు. సిరీస్ చదవకుండ నేరుగ చదవొచ్చో లేదో గూడ చెప్పండ్రి. ఒకటే మాట: రక్తం చూపెట్టుడే పనిగ రాసినయి వద్దు. పట్టాల మీద రనోవర్ అయిన మనుషుల దగ్గర, పోలీసులు వచ్చేదాక టార్చిలైటు పట్టుకోని నిలబడ్డోన్ని. అది పుస్తకంల మళ్ళ చూడలేను.


రామగుండం ఫస్ట్ షిఫ్ట్:

అన్నా నమస్తే. మీ బండ్ల మీద పోయే బొగ్గు మా దిక్కుదే. ఓపెన్‌కాస్ట్‌ల డంపర్ నడుపుత.

నాది మైకేల్ కానలీ పిచ్చి. లాస్ ఏంజెలిస్ పేపర్ల క్రైమ్ రిపోర్టర్‌గ చేసి నవలలకు వచ్చిండు. హ్యారీ బాష్ అనే పోలీసాయన మీద 1992ల 'ది బ్లాక్ ఎకో'తోటి మొదలుపెట్టిండు. నాలుగు బాష్ నవలలు వరుసగ రాసి 1996ల బాష్‌ను పక్కన పెట్టి 'ది పొయెట్' తెచ్చిండు. డెన్వర్ల ఒక పేపర్ రిపోర్టరు, అతని కవల అన్న పోలీసు. అన్న తనను తనే కాల్చుకున్నడని కేసు మూసేస్తరు. తమ్ముడు నమ్మడు. రిపోర్టర్ పని చేసినోడు రాసిండు గనుక కాయితాలు తిరగేసుడు, ఫోన్లు చేసుడు, ఎడిటర్‌తోటి కొట్లాట, అన్నీ అచ్చంగ ఉంటయి.

గాని అన్నా, ఈయన దగ్గర ఒక చిక్కున్నది, నేను దాంట్ల పడ్డ. విడి నవల అని రాసినయి చానా మట్టుకు తర్వాత బాష్ దిక్కు వచ్చి కలుస్తయి. 'ది పొయెట్' కథకు ముగింపు 2004ల వచ్చిన బాష్ నవల 'ది నారోస్'ల ఉంటది. నేను ముందు 'నారోస్' చదివిన. హంతకుడెవరో మొదట్లనే తెలిసిపోయింది. 'పొయెట్' ఇప్పటికి చదివిన గాని ఆ దెబ్బ నాకు తగలలే, పోయింది, మళ్ళ రాదు. 1998ల వచ్చిన 'బ్లడ్ వర్క్' అట్లనే. గుండె మార్పిడి అయిన పాత ఎఫ్‌బీఐ ఆయన కథ. ఆయన 2001ల 'ఎ డార్క్‌నెస్ మోర్ దాన్ నైట్'ల బాష్ ఎదురుంగనే వచ్చి నిలబడ్తడు. కాబట్టి అచ్చైన సంవత్సరం చూసుకోని ఆ వరుసల చదవాలె. ఈ ఒక్కదాంట్ల నా మాట వినండ్రి.

పూర్తిగ విడిగ కావాలంటే 2002ది 'చేజింగ్ ద డైమ్'. ఒక సైంటిస్టు కొత్తింట్లకు వస్తడు, కొత్త ఫోన్ నంబరు తీసుకుంటడు. ఆ నంబరుకు లిల్లీ అనే ఆమె కోసం ఫోన్లు వస్తనే ఉంటయి. ఆమె ఎవరు, ఏమైంది అని ఈయన బయలుదేరుతడు. మనకు గూడ కొత్త సిమ్ము తీసుకుంటే పాత మనిషి కోసం ఫోన్లు రాలేదా అన్నా? నాకు వచ్చినయి, మూడు నెలలు, ఒక తల్లి తన కొడుకు కోసం చేసేది. అందుకే ఈ పుస్తకం నన్ను పట్టుకున్నది. దీంట్ల గూడ బాష్ కనిపించడు గాని ఆయన పాత కేసు ఒకటి నీడలెక్క ఉంటది. తెల్వకున్నా నష్టం లేదు.


జగిత్యాల స్టాఫ్ నర్స్:

అన్నా, మీరు క్రిస్టీ దగ్గర్నుంచి అప్పుడే దూరం పోకండి. ఆమెవే పాయిరో, మార్పుల్ ఇద్దరూ లేనివి ఇంకా ఉన్నయి.

'అండ్ దెన్ దేర్ వర్ నన్', 1939. పది మంది ఒక దీవి మీద. ఇది చదివే ఉంటరు, చదవకపోతే వేరే ఏదీ ముట్టకుండ ముందు ఇదే చదవండి. 'క్రూకెడ్ హౌస్', 1949. పెద్ద ఉమ్మడి కుటుంబం, ముసలాయన చనిపోతడు, ఇంట్ల అందరి మీద అనుమానం. తనకు బాగ ఇష్టమైనవాటిల ఇదొకటని క్రిస్టీనే ముందుమాటల రాసుకున్నది. చివరికొచ్చేసరికి నా చేతులు చల్లబడ్డయి.

నేను చెప్పాలనుకున్నది మాత్రం 'ద పేల్ హార్స్', 1961. ఒక ఆడమనిషి చనిపోతూ ఫాదర్‌కు కొన్ని పేర్లు చెప్తది. ఆయన రాసుకుంటడు. ఇంటికి పోయే దారిలనే ఆయన్ను చంపేస్తరు. ఆ కాగితం మీద ఉన్న పేర్లవాళ్ళు ఒక్కొక్కరు ఏదో రోగంతోటి చనిపోతుంటరు. అందరివీ మామూలు చావులే అనిపిస్తయి.

క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు టార్కీ ఊర్ల ఆసుపత్రిల పనిచేసింది, తర్వాత మందుల గదిల. విషాల సంగతి అక్కడ నేర్చుకున్నది. ఈ పుస్తకంల విషం పేరు నేను చెప్పను, చెప్తే ముడి విప్పినట్టే. గాని జరిగిన సంగతి ఒకటి చెప్తా. 1977ల లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రికి ఖతర్ నుంచి 19 నెలల పాపను తెచ్చిండ్రు. రోగమేందో డాక్టర్లకు అంతుపట్టలేదు. అక్కడి నర్సు ఒకామె అప్పుడు ఈ నవలనే చదువుతున్నది. పుస్తకంల రాసిన లక్షణాలు, పాప లక్షణాలు ఒక్కటే అని గుర్తుపట్టి డాక్టర్లకు చెప్పింది. పరీక్ష చేస్తే అదే విషం. పాప బతికింది.

నేను 14 ఏండ్లుగ వార్డుల ఉన్న. ఈ సంగతి తెలిసిన రోజు ఆ పుస్తకం మళ్ళ మొదటి నుంచి చదివిన, ఈసారి కథ కోసం కాదు, కేసు షీట్ చదివినట్టు. ఒక్కొక్క లక్షణం ఎక్కడ, ఎట్ల పెట్టింది అని. ఒక్క డిటెక్టివ్ ఉండి ఉంటే ఇవన్నీ ఆయన నోటితోటి చెప్పించేది. లేడు కాబట్టి మన ముందటనే వదిలేసి పోయింది. గుర్తుపట్టే పని మనదే.

ఒక చిన్న మాట. పాయిరో నవలలల వచ్చే రచయిత్రి ఏరియడ్నీ ఆలివర్ దీంట్ల వస్తది. మీకు తెలిసిన మనిషే. పాయిరో మాత్రం రాడు, ఎదురుచూడకండి.


కాజీపేట గార్డు:

చెల్లె, 'అండ్ దెన్ దేర్ వర్ నన్' చదివిన. గాని ఇరవై ఏండ్ల వయసుల చదివిన, అప్పుడు డిటెక్టివ్ లేడన్న ధ్యాసనే రాలే. మళ్ళ చదువుత. ఆ పాప సంగతి చదివి ఇంట్ల గూడ చెప్పిన.

తమ్మీ, 'నారోస్' ముందు చదివి నువ్వు పోగొట్టుకున్నది నాకు బాధనిపించింది. వరుసల సంగతి నోట్‌బుక్కుల రాసుకున్న.


హనుమకొండ పాత పాఠకుడు:

గార్డు గారికి నమస్కారం. నేను రిటైర్డ్ లెక్చరర్‌ని. మన హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది కదా, నా చదువు అక్కడ మొదలైంది. మీ నాన్నగారిలాగే నేనూ యుగంధర్ దగ్గర్నుంచే వచ్చినవాణ్ణి. ఆ అద్దె లైబ్రరీలే లేకపోతే మా తరంలో సగం మందికి చదివే అలవాటే వచ్చేది కాదు. ఇది గట్టిగా నమ్ముతాను.

మీరు గార్డు కాబట్టి మీకోసం ఒకే ఒక్క పేరు చెబుతాను: జార్జ్ సిమెనాన్. బెల్జియంలో పుట్టి ఫ్రెంచిలో రాశాడు. ఇన్‌స్పెక్టర్ మెగ్రే మీద 75 నవలలు రాశాడు. మెగ్రే లేకుండా రాసినవి వందకు పైనే. ఆ రెండో రకాన్ని తనే వేరు చేసి 'రోమాఁ దూర్' అన్నాడు, అంటే కఠినమైన నవలలు. మెగ్రే నవలల్లో ఒక పెద్దమనిషి వస్తాడు, పైపు వెలిగిస్తాడు, నేరం చేసినవాడి పక్కన కూర్చుని వాడి బాధ వింటాడు. కఠిన నవలల్లో వాడి పక్కన కూర్చునే మనిషి లేడు.

వాటిలో 1938లో వచ్చినది 'ద మ్యాన్ హు వాచ్డ్ ద ట్రెయిన్స్ గో బై'. కీస్ పొపింగా అనే గుమాస్తా. హాలండ్‌లో గ్రోనింగెన్ ఊరు. ఓడలకు సామాన్లు సరఫరా చేసే కంపెనీలో ఉద్యోగం. ఇల్లు, భార్య, పిల్లలు, మంచి పొయ్యి, అంతా లెక్కప్రకారం. ఆయన మనసులో దాచుకున్న ఒక్క అలజడి ఏమిటంటే రాత్రి రైళ్ళు. కిటికీ తెరలు దించుకుని వెళ్ళిపోయే రాత్రి రైళ్ళను చూస్తే ఆయనకేదో అవుతుంది. ఒక చలికాలపు రాత్రి తన యజమాని తాగి కూర్చుని, కంపెనీ దివాలా తీసింది, నేను పారిపోతున్నాను అని ఆయనకే చెబుతాడు. తెల్లారేసరికి పొపింగాకు ఇంక ఏ లెక్కా లేదు. రైలెక్కేస్తాడు.

నేను ఈ పుస్తకాన్ని కాజీపేట స్టేషన్‌లో, మూడు గంటలు ఆలస్యమైన బండి కోసం కూర్చుని చదివాను. బండి వచ్చింది. ఎక్కడానికి కాళ్ళు కదలలేదు. ఎదురుగా రెండో ప్లాట్‌ఫారం మీద ఏదో రాత్రి బండి ఆగి ఉంది, ఏసీ బోగీ తెరలన్నీ దించి ఉన్నాయి. ఒక తెర కొంచెం పక్కకు జరిగి మళ్ళీ మూసుకుంది. ఆ లోపలి మనిషి ఎవరో, ఎక్కడ దిగుతారో అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఎక్కవలసిన బోగీ వదిలేసి, చివరికి దొరికిన బోగీలోకి ఎక్కాను.

వరుస విషయంలో రామగుండం అబ్బాయితో కొంచెం తేడా. కానలీకి అతను చెప్పింది నిజమే. సిమెనాన్‌కు ఆ బాధ లేదు. ఏది దొరికితే అది చదవండి. రక్తం సంగతి అడిగారు. ఇందులో చావు ఉంది, దాన్ని చూపించి కూర్చోబెట్టడు. ఒక వాక్యంలో దాటిపోతాడు. ఆ దాటిపోవడమే మనసులో ఉండిపోతుంది.


కరీంనగర్ రీడర్:

డెనిస్ లెహేన్ పేరు ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్న. బోస్టన్ ఊరు, కెంజీ, జెన్నారో అని ఇద్దరు డిటెక్టివులు, 1994 నుంచి 1999 దాక ఐదు నవలలు. తర్వాత వాళ్ళను పక్కన పెట్టి 2001ల 'మిస్టిక్ రివర్' రాసిండు. ముగ్గురు పిల్లలు వీధిల ఆడుకుంటుంటే కారొకటి వచ్చి ఒక్కన్ని ఎక్కించుకపోతది. మిగిలిన ఇద్దరు చూస్తుంటరు. ఆ ముగ్గురు పెద్దయినంక ఏమైందనేది కథ. సిరీస్ చదవనవసరం లేదు. కాని గార్డన్నా, దీంట్ల పిల్లల మీద అఘాయిత్యం ఉన్నది. చూపెట్టడు గాని బరువు మాత్రం ఉంటది. డ్యూటీకి ముందు చదవకండి, సెలవు రోజు చదవండి.


కాజీపేట గార్డు:

మూడు వారాలైంది, మళ్ళ వచ్చిన. రెండు చదివిన, ఒకటి సగం అయింది.

తమ్మీ, 'చేజింగ్ ద డైమ్' మొదటి సగం మస్తు. ఆ ఫోన్లు వచ్చే తీరు, ఒక్కొక్క గొంతు, ఇల్లంతా ఖాళీగ ఉండి ఫోన్ ఒక్కటి మోగుడు. గాని సగం దాటినంక ఆ సైంటిస్టు మీద నాకు కోపమొచ్చింది. అంత చదువుకున్న మనిషి, పోలీసులకు చెప్పాల్సిన చోట చెప్పకుండ తనే పోయి ఇరుక్కుంటడు. ఎందుకు పోయిండో ఆఖరుకు తెలుస్తది, తోబుట్టువును పోగొట్టుకున్న మనిషి కాబట్టి ఇంకో ఆడపిల్లను వదిలిపెట్టలేకపోయిండు. అది ఒప్పుకుంట. అయినా బాష్ ఉంటే ఇట్ల అయ్యేది కాదు అని నాకే అనిపించింది, నేను బాష్‌ను ఇంకా చదవకున్నా. నీ పోస్టు చదివి ఆయన మీద నమ్మకం ఏర్పడ్డది. ఇప్పుడు 'బ్లాక్ ఎకో' నుంచి మొదలుపెడ్త, 'పొయెట్' దాని వరుసల వస్తది.

చెల్లె, 'పేల్ హార్స్' రెండుసార్లు చదివిన. మొదటిసారి డోర్నకల్ల, రెండోసారి ఇంటికొచ్చి, నువ్వు చెప్పినట్టు కేసు షీట్ లెక్క. ఆ గుర్తు మొదటి అధ్యాయంలనే ఉన్నది! నేను దాటుకోని పోయిన. అదేదో ఇద్దరు ఆడపిల్లల కొట్లాట, ఊకె రాసింది అనుకున్న. మా పనిల ఎదురు బండి పోతుంటే ప్రతి డబ్బా చూడాలె. పొగ వస్తున్నదా, ఏదన్న వేలాడుతున్నదా, తలుపు తెరిచి ఉన్నదా. చూసి, అంతా సరిగ్గనే ఉన్నదని రెండు దిక్కుల జెండా చూపెట్టుకోని పోవాలె. 22 ఏండ్లు ఆ పని చేసినోన్ని, పుస్తకంల మాత్రం చూసేది పాయిరోకు వదిలిపెట్టిన. ఆయన చూస్తడు లే అని నేను మెల్లగ కూసుంటుంటి. ఇగ అట్ల చదవను.

హనుమకొండ సార్, మీ పుస్తకం ఫోన్ల కొన్న, సగం అయింది. పొపింగా పారిస్ల ఉన్నడు. పేపర్లల తన గురించి రాస్తున్నది చదువుకోని, అట్ల కాదు ఇట్ల అని వాళ్ళకు ఉత్తరాలు రాస్తున్నడు. అక్కడ ఆగిన. ఆగింది భయపడి కాదు, సార్. నా వెనుక డబ్బాల వరుస లేదు, ముందటనే అంతా. బండి ఆఖరున ఉండే బ్రేక్‌వ్యాన్‌ల నిలబడి చూస్తే నాకు దూరమైతున్న పట్టాలే కనిపిస్తయి. ఎక్స్‌ప్రెస్ పక్కనుంచి పోయేటప్పుడు నేను చూసేది లైట్లు, చక్రాలు, హాట్ యాక్సిల్, అంటే ఇరుసు వేడెక్కుడు, ఉన్నదా అని. ఆ తెరల వెనుక మనుషులున్నరని ఇన్నేండ్లల ఒక్కనాడు అనుకోలే. మొన్న రాఘవపురం లూప్ లైన్ల మా బండిని పక్కన పెట్టిండ్రు. రాత్రి రెండున్నరకు ఒక ఎక్స్‌ప్రెస్ దాటింది. జెండా లైటు చూపెట్టిన, అన్ని డబ్బాలు సరిగ్గనే ఉన్నయి. ఒక కిటికీల తెర సగం తీసి ఉన్నది. లోపల నీలం లైటు. ఒకాయన కూసోని ఉన్నడు, పడుకోలే. అంతే కనపడ్డది.

మిగిలిన సగం గురువారం బల్లార్షాల చదువుత. మీ దగ్గర సిమెనాన్‌వి ఇంకా ఉంటే చెప్పండ్రి సార్, ఆదివారం రెస్టు ఉన్నది, మీరు ఏ యాళ్ళకు రమ్మంటే ఆ యాళ్ళకు భాషా నిలయం కాడికి వస్త. కరీంనగర్ తమ్మీ, 'మిస్టిక్ రివర్' పండుగ సెలవుకు పెట్టుకున్న.

ఆ అట్ట లేని 'ఎండ్‌లెస్ నైట్'కు మందం కాయితం అంటించి అట్ట వేసిన. పేరు రాసిన గాని పాయిరో ఉండడని రాయలే. బల్లార్షాల దొరికిన చోటనే పెట్టి వస్త.